కాశీ చేరని కాశీ బస్సు

ముందుగా వినిపించింది ఈల. రెండు పొట్టి ఊపిర్లు, ఒక పొడవాటి ఊపిరి. మద్దిలపాలెం డిపో వెనక సందులో బస్సులు వెనక్కి తిరిగే మోత, చెరకురసం బండి గజ్జెలు, ఎవరో ఎవరినో తొందరగా ఎక్కమని అరిచే అరుపులు, వీటన్నిటి మీదుగా ఆ ఈల తడిసిన దారంలా సాగివచ్చింది. తర్వాత మనిషి కనిపించాడు. ఆగి ఉన్న పాత బస్సు మెట్టు మీద నిలబడి, ఈలను వేడినీళ్ళ గ్లాసులో ముంచి తీసి, దులిపి, మళ్ళీ ఊది చూసుకుంటున్నాడు. కరోనా ఆయనకు మిగిల్చిన అలవాటు అది. ఆ ఈలను ఆయన తప్ప ఇంకెవరూ ఊదరు. అయినా రోజూ కడుగుతాడు.

సన్యాసిరాజుకు అరవై మూడేళ్ళు. పుట్టింది తగరపువలస అవతలి పల్లెలో. ఇరవై రెండో ఏట ఊరివాళ్ళు కాశీ వెళ్తుంటే వంట గిన్నెలు మోయడానికి తోడు వెళ్ళాడు. బియ్యం బస్తా మీద కూర్చుని గంగను మొదటిసారి చూశాడు. ఆ నది ఆయనకు వరి కోసిన మర్నాటి పొలంలా కనిపించిందట, అంత ఖాళీగా, అంత నిండుగా. మళ్ళీ పొలానికి తిరిగి రాలేదు. తర్వాత తనే బస్సు మాట్లాడి, తర్వాత తనే బస్సు కొని, ముప్ఫై ఒక్కసార్లు పెద్దవాళ్ళను కాశీ తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. ఘాట్ల దగ్గర యాభై ఊళ్ళ గుంపులు కలిసిపోయే చోట మిగతావాళ్ళు జెండా పట్టుకుంటే ఈయన ఈల ఊదేవాడు. కొడుకు పిలిస్తే వినపడని చెవులకు కూడా ఆ ఈల వినపడేది. ముప్ఫై ఒక్క తడవల్లో ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. దేవుడి విషయంలో ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆయన ఆస్తి ఈ రెండే. బస్సు ఎప్పుడూ సగం ఫైనాన్సువాళ్ళదే.

కరోనా రెండేళ్ళూ ఆ బస్సు ఖాళీ స్థలంలో నిలబడి ఉంది. చక్రాల మధ్య గడ్డి మొలిచింది. వెనక సీటు కింద కుక్క పిల్లల్ని పెట్టింది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లధూళి అద్దాల మీద పేరుకుంటే, ఎవరో వేలితో "కడుగు" అని రాసి వెళ్ళారు. ఆయన యాత్రికుల్లో నలభై మంది దాకా ఆ రెండేళ్ళలో వెళ్ళిపోయారు. వాళ్ళ నంబర్లు ఫోన్‌లోంచి తీసెయ్యలేదు. వేరే ఎవరి పేరు కోసమో వెతుకుతుంటే వాళ్ళు తెర మీద పైకి జారిపోయేవారు, కిటికీ పక్కన కూర్చుని తన ముందునుంచే ఎటో వెళ్తున్నట్టు.

రోడ్లు తెరుచుకున్నాక, బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో పెద్దవయసువారి విహారయాత్రల భవిష్యత్తు గురించి ఒక సభ జరిగింది. పాతవాడు కదా అని ఈయన్నీ పిలిచారు. చల్లటి గదిలో తెర మీద బొమ్మలు వేసి చూపించారు. జారని నేల, పట్టుకోవడానికి కమ్మీలు, వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు, ప్రతి గదిలో డాక్టర్ని పిలిచే బొత్తాం. రేపటి వృద్ధుడికి ఏం కావాలో నలభై ఏళ్ళు దాటని వాళ్ళు చాలా దయగా చెప్పుకున్నారు. ఆ గదిలో అరవై దాటిన మనిషి సన్యాసిరాజు ఒక్కడే. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. భోజనంలో పనీర్ కూర పెట్టారట. బాగుందన్నాడు.

రెండువేల ఇరవై రెండులో ఒకసారి, మాస్కులతో, పద్నాలుగు మందితో కాశీ వెళ్ళొచ్చాడు. ఇరవై మూడు మాఘమాసంలో ఇరవై రెండు మంది కుదిరారు. కుదిరారంటే, వాళ్ళ పిల్లలు కుదిర్చారు. ప్రతి ఒక్కరి తరఫునా ఒక కాగితం. బడిపిల్లల్ని పిక్నిక్‌కి పంపేముందు తల్లిదండ్రులు సంతకం పెట్టే కాగితం లాంటిదే. ఇక్కడ సంతకం పెట్టింది పిల్లలు. మాస్కు తియ్యకూడదు, మంకీ క్యాపు తియ్యకూడదు, బయట నీళ్ళు తాగకూడదు, వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాలి.

"మీ మాట మీద పంపుతన్నాం రాజుగారూ," అన్నాడు గోపాలపట్నం నుంచి వచ్చిన వెంకటేష్. పోర్టు ఆఫీసులో ఉద్యోగం అతనికి. "ఏదైనా తేడా వచ్చిందంటే మరి మీ బస్సు ఎవుడూ ఎక్కడు. ముందే సెప్తన్నాను."

అతని వెనక చేతిసంచితో నిలబడి ఉంది దేముడమ్మ, అతని తల్లి. అరవై ఎనిమిదేళ్ళు. ఊడ్పుల్లో వంగి వంగి కొద్దిగా ముందుకే ఆగిపోయిన నడుము. కరోనా కాలమంతా వెంకటేష్ ఆమెను మూడో అంతస్తులో ఒక గదిలో ఎంతో జాగ్రత్తగా ఉంచాడు. తలుపు దగ్గర పళ్ళెం, పళ్ళెం పక్కన మందులు, మందుల పక్కన శానిటైజర్. కరోనా పోయింది. గది మిగిలింది. ఏదైనా ఊరు చూసొస్తానంటే, ఈ వయసులో ఊళ్ళేమిటని నవ్వాడు. కాశీ అనేసరికి కళ్ళు తుడుచుకున్నాడు.

అసలు పెద్దవాళ్ళకు మన దగ్గర అంతే. ఊరికే ప్రయాణం చేసే వయసు ఒకటుంటుంది, అది పిల్లల పెళ్ళిళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఎటు కదలాలన్నా దేవుడు పిలిచి ఉండాలి.

తెల్లవారకముందు బయల్దేరిన బస్సు పదకొండింటికి గోపాల్‌పూర్ చేరింది. ఒడిశా మొదట్లోనే ఉంటుంది, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పూరీ మీదుగా కాశీ వెళ్ళే దారిలో సన్యాసిరాజు ఎప్పుడూ ఆగేది అక్కడే. వంటాయన నీలకంఠం పొయ్యి వెలిగించాడు. పెద్దవాళ్ళు ఇసుకలో కూర్చున్నారు. మాఘమాసపు ఎండ పలచగా, ఉతికి ఆరేసిన పంచెలా పరుచుకుంది. అన్నాలు తిన్నారు. సన్యాసిరాజు చేతులు కడుక్కుని ఈల ఊదాడు.

ఎవరూ లేవలేదు.

అలల హోరులో కలిసిపోయిందేమోనని మళ్ళీ ఊదాడు. దూరంగా వల దులుపుతున్న ఇద్దరు తలెత్తి చూశారు. ఈయన మనుషులు చూడలేదు.

"అక్కా, లెగండి. పొద్దుగూకీలోగా పూరీ సేరాల," అన్నాడు దేముడమ్మ దగ్గరికి వెళ్ళి.

"కూకో తమ్ముడా."

"నాను కూకుంటే కాశీ ఎలగొత్తాదక్కా?"

"కాశీకి కాళ్ళొచ్చి పారిపోద్దేటి? ఇన్నివేల ఏళ్ళు అక్కడే ఉంది. ఇంకో పూట ఉంటాది."

"సముద్రం మనూళ్ళో లేదేటి?"

"ఉంది. నానెప్పుడు సూసినాను? ఆదోరం బీచికి తీసుకెల్తే పిల్లలు నీళ్ళలోకి పోతారు, ఆళ్ళ సెప్పులకి నాను కాపలా. సెప్పుల్నే సూత్తాను. సముద్రాన్ని ఇయాలే సూత్తన్నాను."

పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు తవిటయ్య. స్టీల్‌ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి వేడిలో పనిచేసి రిటైరయినవాడు. కళ్ళు తెరవకుండానే అన్నాడు: "బావా, బతుకంతా సైరనుకి లెగిసినాను. నీ ఈలకి లెగను. ఇయాల్టికి నన్నొగ్గీ."

ఒక పూట అనుకున్నది రెండు పూటలైంది. సముద్రం ఎదుట పాత లాడ్జిలో గదులు దొరికాయి. మర్నాడు ఉదయం "మధ్యాన్నం ఎల్దాం" అన్నారు. మధ్యాహ్నం "రేపు ఎల్దాం" అన్నారు. సన్యాసిరాజు కోప్పడ్డాడు, బతిమాలాడు, పాపమని భయపెట్టాడు. ఇరవై రెండు మందీ చిన్నపిల్లలకు తలూపినట్టు ఆయనకు తలూపి మళ్ళీ నీళ్ళవైపు తిరిగారు. మూడో రోజుకు కాశీ నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా, యాత్రలోంచి దిగి వెళ్ళిపోయింది.

వాళ్ళు చేసిందల్లా ఏమీ లేదు. పొద్దున్నే నీళ్ళ అంచున నడిచారు. గవ్వలు ఏరి, చూసి, పారేశారు. తోచినప్పుడు నిద్రపోయారు. లైట్‌హౌస్ ఎంత ఎత్తుంటుందో పందెం వేసుకుని ఎవరూ తేల్చుకోలేదు. నాలుగో రోజు వలవాళ్ళ దగ్గర కానాగంతలు కొని నీలకంఠం ముందు పెట్టారు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"కాశీ గిన్నెల్లో సేపలా? నా సేత్తోటా? పద్దెనిమిదేళ్ళు ఈ బస్సుకి ఉల్లిపాయ కూడా ఎక్కనివ్వలేదు నాను!"

"గిన్నె వొద్దు, కుండ కొందాం," అంది దేముడమ్మ.

కొత్త కుండ కొన్నారు. బస్సుకు వంద గజాల దూరంలో రాళ్ళు పేర్చి, పులుసు పెట్టారు. మంకీ క్యాపులు పక్కనపెట్టి అందరూ తిన్నారు. నీలకంఠం మొహం అటు తిప్పుకుని తిన్నాడు.

ఇంటి నుంచి ఫోన్లు వచ్చేవి. "ఎక్కడున్నావమ్మా?" "నీళ్ళ దగ్గరున్నాం." "చలిగా ఉందా?" "గాలి బాగుంది." అవతల తృప్తిగా పెట్టేసేవారు.

అక్కడ ఉన్న తొమ్మిది రోజులూ సుఖంగా లేనివాడు సన్యాసిరాజు ఒక్కడే. నలభై ఏళ్ళుగా ప్రయాణాల్లోనే ఉన్న మనిషికి ఒక చోటికి వచ్చి ఊరికే ఉండటం ఎలాగో తెలియదు. గంటకోసారి లేచి వాళ్ళను లెక్కపెట్టేవాడు. ఇరవై రెండు. మళ్ళీ ఇరవై రెండు. ఎక్కడికీ పోని మనుషుల్ని ఎన్నిసార్లని లెక్కపెడతాడు? ఆరో రోజు ఈల జేబులో పెట్టుకుని తనూ ఇసుకలో కూర్చున్నాడు. కాసేపటికి కాళ్ళు చాపుకున్నాడు. అది తప్పని అనిపించి మళ్ళీ ముడుచుకున్నాడు.

ఆ రోజే గ్రూపులో వరసగా వచ్చాయి మెసేజులు. లెక్క ప్రకారం కాశీ చేరాల్సిన రోజు. "గంగ దగ్గర ఫోటో పెట్టండి రాజుగారూ." "అందరూ కనపడేలా పెట్టండి." "మాస్కులు ఉన్నాయి కదా?" సన్యాసిరాజు బస్సు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. నిజం చెబితే సాయంత్రానికి ఇరవై రెండు కార్లు వస్తాయి. పెద్దవాళ్ళను చంకన పెట్టుకుని తీసుకుపోతారు. మళ్ళీ ఎవరూ ఆయన్ను నమ్మి కన్నవాళ్ళను పంపరు. బస్సు మళ్ళీ గడ్డిలోకి. చెప్పకపోతే, దేవుడి పేరు మీద మొదటి అబద్ధం.

ఫోన్‌లో పోయినేడాది ఫోటో ఉంది. దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద పద్నాలుగు మంది యాత్రికులు, వంటాయన, డ్రైవరు, వెనక ఒకరిద్దరు పడవవాళ్ళు. చలికాలం. అందరికీ ఆయన ఇచ్చిన నీలం మాస్కులే. మంకీ క్యాపులు, శాలువలు. మనిషికి రెండేసి కళ్ళు తప్ప ఏమీ కనపడదు. కింద రాయాల్సింది ఏమీ రాయకుండా ఆ ఫోటో పెట్టేశాడు. ఎవరైనా "వీళ్ళెవరు?" అని అడుగుతారని ఎదురుచూశాడు.

దండాలు వచ్చాయి. ఎర్ర గుండెలు వచ్చాయి. హరహర మహాదేవలు వచ్చాయి.

"ఏటి తమ్ముడా, మొకం అలగైపోనాది?" అంటూ దేముడమ్మ ఫోన్ లాక్కుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి. తన కొడుకు రాసింది పైకే చదివింది. "ఎడమ నుంచి మూడో ఆవిడ మా అమ్మ. గంగలో మునిగాక ఎంత కళ వచ్చిందో." వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. తలెత్తి పొయ్యి దగ్గరికి చూసింది.

"ఓరి నీలకంఠం, ఇలగ రా. నా కొడుక్కి నువ్వు అమ్మవైపోనావ్."

నీలకంఠం వచ్చి చూసుకున్నాడు. తనే. పోయినేడాది తన గళ్ళ శాలువ.

"మరి నా మీసం?"

"మాస్కులో ఉంది."

నవ్వులు ఇసుకంతా దొర్లాయి. తవిటయ్య వచ్చాడు. ఆయన కూతురు సాయిదుర్గ రాసింది కూడా దొరికింది: "నాన్నకు షుగర్ తగ్గినట్టుంది. చూడండి, ఎంత నిటారుగా నిలబడ్డారో." ఆమె చెప్పిన మనిషి వెనక మెట్టు మీద మఫ్లరు చుట్టుకున్న పడవవాడు. పాతికేళ్ళుంటాయేమో.

"మంచి పిల్ల," అన్నాడు తవిటయ్య. "అయ్య బాగుండాలనే కోరుకుంది."

అక్కడ నవ్వు ఆగింది. ఒక్కొక్కరూ ఫోన్ అందుకుని తమ పిల్లలు తమను ఎక్కడ చూశారో వెతుక్కున్నారు. ఎవరి మనిషిని వారు కనుక్కున్నారు. ఫోన్ చేతులు మారుతూ చివరికి సన్యాసిరాజు దగ్గరికి వచ్చింది. అబద్ధం ఆడింది ఆయన. పట్టుబడింది మాత్రం ఆయన కాదు.



తిరుగు ప్రయాణంలో తగరపువలస దగ్గర ఆగడం ఆనవాయితీ. కాశీ నుంచి వచ్చినవాళ్ళను ఇంటి గడప తొక్కకముందే ఎదురువెళ్ళి కాళ్ళు కడుగుతారు. పసుపు నీళ్ళతో కొడుకులు, కూతుళ్ళు వంగి కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. బస్సు శ్రీకాకుళం దాటినప్పటి నుంచీ సన్యాసిరాజు డ్రైవరు పక్కన బిగుసుకుని కూర్చున్నాడు.

"సెప్పకు బావా," అన్నాడు తవిటయ్య. "ఎవులికీ తెలీదు. మళ్ళా ఓపాలి రావాలి గదా మనం."

"కాళ్ళు కడిగీత్తారు బావా," అన్నాడు సన్యాసిరాజు. "కాశీ ఎల్లొచ్చిన కాళ్ళని కడుగుతారు. నాను పక్కన నిలబడి సూడలేను."

"సెప్తే నీ బస్సు పోద్ది తమ్ముడా," అంది దేముడమ్మ.

"పోద్దక్కా."

ఆమె చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంది.

తగరపువలసలో రోడ్డు పక్కన షామియానా వేసి ఉంది. డప్పులు కూడా పెట్టారు. సన్యాసిరాజు ముందు దిగి చేతులు జోడించాడు. డప్పులు ఆగాక చెప్పాడు: "బాబులూ, మేం కాశీ ఎల్లలేదు. గోపాల్‌పూర్లో ఉండిపోయినాం. తప్పు నాది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒక్కసారి అరవడం మొదలుపెట్టారు. పోలీసులన్నారు, కేసన్నారు. ఇత్తడి చెంబు పట్టుకుని ముందుకొచ్చినవాడు వెంకటేష్.

"నమ్మించి మోసం సేత్తావా? గంగ కాడ ఫోటో పెట్టినావు గదా!"

"అది పోయినేడుది బాబూ."

"మా అమ్మ ఉంది అందులో! నాను సూసినాను!"

సన్యాసిరాజు తల వంచుకున్నాడు. చెప్పక తప్పలేదు. "మీరు సూసినాది మా వంటాయన్ని. నీలకంఠం."

నీలకంఠం బస్సు మెట్టు మీద నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, నమస్కారం పెట్టాడు. మీసం స్పష్టంగా కనపడుతోంది.

షామియానా కింద అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. గుంపులో చాలామంది జేబుల్లోంచి ఫోన్లు తీశారు. మెల్లగా, చాటుగా చూసుకున్నారు. కేసు పెట్టాలంటే ఆ ఫోటో చూపించాలి. ఫోటో చూపిస్తే దాని కింద తాము రాసింది కూడా ఉంటుంది. సాయిదుర్గ ఎర్రబడ్డ మొహంతో ఏదో చెరిపేస్తోంది. ఇక ఎవరూ పోలీసుల మాట ఎత్తలేదు.

దేముడమ్మ దిగి కొడుకు ముందు నిలబడింది. ఎండకు నల్లబడింది. నిజంగానే మొహంలో కళ వచ్చింది. ఈసారి వెంకటేష్ చాలాసేపు చూశాడు.

"నీళ్ళు సల్లారిపోతన్నాయి," అందామె. చీర కొద్దిగా ఎత్తి పాదాలు చూపించింది. "పాపం ఒత్తాదంటే వొగ్గీ. కానీ ఇసక అంటుకున్నాది, ఇల్లంతా అవుద్ది."

అతను వంగాడు. కడిగాడు. నెత్తిన చల్లుకోవాలో వద్దో తేల్చుకోలేక, తడిచేతులతో అలాగే కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు సన్యాసిరాజు ఫోన్ మోగలేదు. మాట ఊరంతా పాకింది. బస్సు కొనేవాడు ఒకడు వచ్చి ఇనుము బరువు ఎంతుంటుందో కళ్ళతోనే తూచి వెళ్ళాడు. చైత్రం చివర్లో ఒక ఉదయం మద్దిలపాలెంలో సిటీబస్సు దిగి, దారి అడుక్కుంటూ, తెలియని ముసలాయన ఒకడు వచ్చాడు. "ఎక్కడికీ తీసుకెల్లని బస్సు ఇదేనా?" అని అడిగాడు. మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళు, చీపురుపల్లి నుంచి. వారం తిరిగేసరికి పద్దెనిమిది మంది. ఎవరూ ఫోన్ చెయ్యలేదు, ఎవరి పిల్లలూ రాలేదు. అందరూ తమ కాళ్ళ మీద వచ్చారు.

ఇప్పుడు ఏడాదికి ఆరు ప్రయాణాలు. చిలికా సరస్సు దగ్గర ఒకటి, కొండల మీద ఒకటి, మిగతావి ఎక్కడ ఆగితే అక్కడ. బీచ్ రోడ్డు హోటల్‌వాళ్ళు మళ్ళీ సభకు పిలిచారట, ఆయన పద్ధతి తెర మీద చూపించడానికి. ఏం చెప్పాలో తెలియక వెళ్ళలేదు. కాశీ మాత్రం ఆయనకు దూరమైంది. అడిగేవాళ్ళు తగ్గారు. ముప్ఫై ఒకటి దగ్గర లెక్క నిలిచిపోయింది. మనుషుల్ని దేవుడి దగ్గరికి చేర్చిన పుణ్యమంతా ఇప్పుడు దేవుడి దారిలోంచి తప్పించి ఖర్చుపెడుతున్నానని ఆయనకు నిజంగానే దిగులు. అయినా ప్రయాణం రోజు వచ్చేసరికి గడ్డం గీసుకుంటాడు.

నేను వెళ్ళింది మా అమ్మ పేరు రాయించడానికి. అమ్మకు మోకాళ్ళ నొప్పులని, కింది అంతస్తు గది కావాలని, చల్లగాలి పడదని, కొండలకంటే సముద్రమే మంచిదని అన్నీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. చేతిలోని పెన్ను మూతపెట్టి పక్కన పెట్టాడు.

"ఆవిడికేటి కావాలో మీరే సెప్పీసినారు బాబూ. ఓపాలి ఆవిడ్ని పంపండి. తీసుకురానక్కర్లేదు. దారి సెప్పండి సాలు, ఆవిడే వొచ్చీగలదు."